వెలుగునిచ్చే లోహ సంక్లిష్టాలు, నానో పదార్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అకర్బన రసాయన శాస్త్రంలో కాంతి ఉద్గార పదార్థాల మీద పనిచేసే వారిని విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఇతర శాఖల అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇంటర్మీడియట్ స్థాయిలో రసాయన శాస్త్రం చదివిన వారు అనుసరించగలిగేలా రాయడానికి ప్రయత్నించాం. కొన్ని ప్రశ్నలకు రెండు వాక్యాలు చాలినా, మరికొన్నింటికి వివరంగా చెప్పక తప్పలేదు.

ఈ పరిశోధన అసలు దేని గురించి?

కాంతిని పీల్చుకున్న పదార్థం ఆ శక్తిని వేడిగా పోగొట్టుకోకుండా మళ్లీ కాంతిగానే విడుదల చేసేలా దాని నిర్మాణాన్ని మలచడం గురించి. ఉత్తేజిత స్థితికి చేరిన అణువు అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. కిందికి దిగడానికి దాని ముందు ఒకేసారి అనేక మార్గాలు తెరుచుకుని ఉంటాయి. చెరువుకు నాలుగు తూములు ఉండి, నాలుగూ ఎత్తి ఉన్నప్పుడు ఏ తూము గుండా ఎంత నీరు పోతుందనేది వాటి వెడల్పులను బట్టి ఉన్నట్టే, ఇక్కడ ఏ మార్గం ఎంత వేగమైనదన్న సంగతే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కాంతి ఉద్గారం ఆ మార్గాల్లో ఒకటి మాత్రమే. శక్తి బంధాల కంపనాలుగా మారిపోవచ్చు, ద్రావణంలో కరిగి ఉన్న ఆక్సిజన్‌కు బదిలీ కావచ్చు, పక్కనున్న మరో అణువుకు చేరవచ్చు, చివరికి ఒక బంధాన్నే తెంచి అణువును పాడుచేయవచ్చు.

పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లకు ఎన్ని ఫోటాన్లు తిరిగి వెలువడ్డాయో చెప్పే కొలతను క్వాంటమ్ దక్షత అంటాం. ఈ రంగంలో మేం చేసే పని చాలావరకు ఇతర మార్గాలను ఒక్కొక్కటిగా గుర్తించి మూసివేయడమే. కింద వచ్చే సమాధానాలన్నింటిలోనూ ఈ విషయమే రకరకాల రూపాల్లో కనిపిస్తుంది.

లోహ సంక్లిష్టం అంటే ఏమిటి?

మధ్యలో ఒక లోహ అయాను, దాని చుట్టూ ఎలక్ట్రాన్ జంటలను అందించే అణువులో అయాన్లో నిర్దిష్టమైన ఆకారంలో అమరి ఉన్న పదార్థం. చుట్టూ ఉన్న వాటిని లైగాండ్లు అంటారు. రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఇనుము, ఆకుల్లోని పత్రహరితంలో మెగ్నీషియం, బి12 విటమిన్‌లో కోబాల్టు ఇలాంటి అమరికలోనే ఉంటాయి. ఈ పదార్థాల నిర్మాణాన్ని 1893లో సరిగ్గా ఊహించినవాడు ఆల్ఫ్రెడ్ వెర్నర్. ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణాలు చూసే వీలు ఇంకా లేని కాలంలో, కోబాల్టు, అమోనియా పదార్థాల రంగులను, వాటి ద్రావణాల విద్యుత్ వాహకతను, ఒక్కో పదార్థానికి దొరికే సాదృశ్యాల సంఖ్యను ఆధారం చేసుకుని ఆయన ఆరు లైగాండ్ల అష్టముఖ అమరికను ప్రతిపాదించాడు. అందుకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. ఇంటర్మీడియట్ పుస్తకంలో సమన్వయ సమ్మేళనాల పాఠం ఆయన ఆలోచనలతోనే మొదలవుతుంది.

రంగున్న లోహ సంక్లిష్టాలన్నీ వెలుగునిస్తాయా?

ఇవ్వవు. మైలుతుత్తం చక్కని నీలం రంగులో ఉంటుంది, కానీ అతినీలలోహిత దీపం కింద పెట్టినా దాని నుంచి వెలుగు రాదు. రంగు కనిపించడానికి కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటే చాలు. వెలుగు రావాలంటే పీల్చుకున్న దాన్ని తిరిగి ఇవ్వాలి. మొదటి వరుస పరివర్తన లోహాల్లో ఎక్కువ వాటికి డి-ఆర్బిటాళ్ల మధ్య తక్కువ శక్తి గల ఉత్తేజిత స్థితులు ఉంటాయి. పైస్థాయిలో చేరిన శక్తి ఆ స్థితుల్లోకి జారి, లోహ-లైగాండ్ బంధాలను సాగదీసి, వేడిగా ముగిసిపోతుంది. కాబట్టి రంగుల రసాయనం తెలిసినంత మాత్రాన వెలుగుల రసాయనం తెలిసినట్టు కాదు.

రుథీనియం సంక్లిష్టాల గురించి ఇంతగా ఎందుకు చెబుతారు?

మూడు బైపిరిడీన్ లైగాండ్లతో కూడిన రుథీనియం సంక్లిష్టం ఈ రంగంలో అందరూ పోల్చి చూసుకునే ప్రామాణిక పదార్థం. దాని వెలుగు గురించి మొదటి నివేదిక 1959లో వచ్చింది. అది సుమారు 450 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని పీల్చుకుంటుంది. అప్పుడు లోహం మీది ఒక ఎలక్ట్రాన్ లైగాండ్ మీదికి చేరుతుంది. తిరిగి దిగేటప్పుడు 600 నానోమీటర్లు దాటిన నారింజ-ఎరుపు కాంతి వెలువడుతుంది. ఆక్సిజన్ తొలగించిన నీటిలో ఆ ఉత్తేజిత స్థితి జీవితకాలం సుమారు 600 నానోసెకన్లు. వినడానికి చాలా చిన్న వ్యవధి అనిపిస్తుంది గానీ, అణువుల లెక్కలో అది ఎంతో దీర్ఘమైన కాలం. ఆ వ్యవధిలో అది ఎన్నో అణువులను ఢీకొని, వాటికి ఎలక్ట్రాన్‌ను ఇవ్వగలదు, వాటి నుంచి తీసుకోగలదు. సూర్యకాంతితో రసాయన చర్యలు నడిపించాలన్న ప్రయత్నాలకు, కాంతి ఉత్ప్రేరకాలకు ఈ లక్షణమే పునాది.

ఆవర్తన పట్టికలో రుథీనియానికి ఒక మెట్టు పైన అదే వర్గంలో ఇనుము ఉంటుంది. లైగాండ్లు అవే, ఆకారం అదే, పీల్చుకునే విధానమూ దాదాపు అదే. అయినా ఇనుప సంక్లిష్టంలో ఆ ఎలక్ట్రాన్ బదిలీ స్థితి సుమారు 100 ఫెమ్టోసెకన్లలోపే కూలిపోతుంది (నానోసెకనులో పది లక్షల వంతు ఒక ఫెమ్టోసెకను). ఇనుము చుట్టూ లైగాండ్ క్షేత్రం బలహీనం కావడంతో డి-ఆర్బిటాళ్ల స్థితులు కిందికి దిగి ఉంటాయి, శక్తి నేరుగా వాటిలోకి జారిపోతుంది. ఒకే వర్గంలోని రెండు మూలకాల మధ్య జీవితకాలంలో సుమారు అరవై లక్షల రెట్ల తేడా రావడానికి ఇంత చిన్న కారణం చాలింది.

అయితే చవకగా దొరికే ఇనుముతో, రాగితో వెలుగు సాధించలేమా?

ఈ ప్రశ్న మా మనసుకు దగ్గరైనది. కష్టమే గాని అసాధ్యం కాదని ఇటీవలి కాలం చూపించింది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ బృందం ఇనుము చుట్టూ కార్బన్ పరమాణువుతో లోహాన్ని పట్టుకునే కార్బీన్ తరగతికి చెందిన చాలా బలమైన లైగాండ్లను అమర్చి, డి-ఆర్బిటాళ్ల స్థితులను పైకి నెట్టింది. 2019లో వారు నివేదించిన ఇనుప సంక్లిష్టం ఉత్తేజిత స్థితి రెండు నానోసెకన్లు నిలిచింది, క్వాంటమ్ దక్షత రెండు శాతం వచ్చింది. రుథీనియంతో పోలిస్తే ఆ అంకెలు చిన్నవే. కానీ ఇనుము గది ఉష్ణోగ్రత వద్ద ద్రావణంలో వెలుగునివ్వడమే అంతకుముందు దశాబ్దాలపాటు ఆశించని విషయం.

రాగి దారి వేరు. ఒకటో ఆక్సీకరణ స్థితిలో రాగికి డి-ఆర్బిటాళ్లన్నీ నిండి ఉంటాయి కాబట్టి పైన చెప్పిన జారుడు స్థితులే ఉండవు. అయితే ఉత్తేజితమైనప్పుడు రాగి తాత్కాలికంగా రెండో స్థితిలా ప్రవర్తిస్తూ, చతుర్ముఖీయ ఆకారం నుంచి చదునైన ఆకారం వైపు వాలిపోతుంది. అలా చదునయ్యే క్రమంలో శక్తి వేడిగా పోతుంది, తెరుచుకున్న చోట ద్రావణి అణువు వచ్చి అతుక్కుంటుంది కూడా. ఫినాంత్రోలిన్ లైగాండ్‌లో నైట్రోజన్ల పక్కన ఉన్న రెండు స్థానాల్లో పెద్ద పెద్ద సమూహాలు పెడితే ఆ కదలికకు చోటు ఉండదు, వెలుగు పెరుగుతుంది. లైగాండ్ రూపకల్పన అంటే ఏమిటో విద్యార్థికి చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

ఫోన్ తెరల్లో ఇరిడియం ఉంటుందంటారు, నిజమేనా?

నిజమే. ఓఎల్ఈడీ తెరల్లో ఎరుపు, ఆకుపచ్చ వెలుగులకు ఇరిడియం సంక్లిష్టాలను చాలా తక్కువ మోతాదులో కలుపుతారు. కారణం స్పిన్ లెక్కలో ఉంది. విద్యుత్ ద్వారా ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) కలిసినప్పుడు ఏర్పడే ఉత్తేజిత స్థితుల్లో 25 శాతం సింగ్లెట్లు (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్లు వ్యతిరేక దిశల్లో ఉన్నవి), 75 శాతం ట్రిప్లెట్లు (ఒకే దిశలో ఉన్నవి). సాధారణ సేంద్రియ అణువులు సింగ్లెట్ నుంచి మాత్రమే చురుగ్గా వెలుగునిస్తాయి, ట్రిప్లెట్ నుంచి వెలుగు రావడం స్పిన్ నియమం ప్రకారం నిషిద్ధం. మిగిలిన మూడు వంతుల శక్తి వేడిగా పోతుంది. ఇరిడియం, ప్లాటినం వంటి బరువైన పరమాణువుల్లో స్పిన్‌కూ ఆర్బిటాల్ చలనానికీ మధ్య బంధం బలంగా ఉండడం వల్ల ఆ నిషేధం సడలి, ట్రిప్లెట్లు కూడా మైక్రోసెకన్లలోనే వెలుగునివ్వగలుగుతాయి. ప్రిన్స్‌టన్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందాలు 1998లో ప్లాటినం పార్ఫిరిన్‌తో ఎరుపును, 1999లో మూడు ఫినైల్‌పిరిడీన్ లైగాండ్లున్న ఇరిడియం సంక్లిష్టంతో ఆకుపచ్చను సాధించి ఈ మార్గాన్ని తెరిచాయి.

నీలం మాత్రం మొండికేసింది. నీలి ఫోటాన్ శక్తి ఎక్కువ. దాన్ని మోసే ఉత్తేజిత స్థితి బంధాలను తెంచగల స్థితులకు చాలా దగ్గరగా ఉంటుంది, అందువల్ల అణువు కొద్దికొద్దిగా శిథిలమవుతూ వస్తుంది. ఈ కారణంగా తెరల తయారీదారులు చాలాకాలం నీలానికి దక్షత తక్కువైన సాధారణ ప్రతిదీప్తి (సింగ్లెట్ నుంచి వెలిగే) పదార్థాలనే వాడుతూ వచ్చారు. దీర్ఘకాలం మన్నే నీలి స్ఫురదీప్తి (ట్రిప్లెట్ నుంచి వెలిగే) పదార్థం కోసం జరుగుతున్న పని ఈ రంగంలో అత్యంత విలువైన వాటిలో ఒకటని మా అభిప్రాయం.

యూరోపియం, టెర్బియం వంటి లాంథనైడ్ల ప్రత్యేకత ఏమిటి?

వాటి రంగు స్వచ్ఛత, వాటి ఓపిక. యూరోపియం సుమారు 615 నానోమీటర్ల దగ్గర ఎరుపును, టెర్బియం 545 దగ్గర ఆకుపచ్చను సన్నని గీతల్లా ఇస్తాయి. వాటి ఎఫ్-ఆర్బిటాళ్లు పరమాణువు లోపలి పొరల్లో దాగి ఉండడం వల్ల చుట్టూ ఏ లైగాండ్ ఉన్నా గీతల స్థానం పెద్దగా కదలదు. ఆ ఎఫ్-ఎఫ్ పరివర్తనలు క్వాంటమ్ నియమాల ప్రకారం నిషిద్ధమైనవి కాబట్టి ఉత్తేజిత స్థితి మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది. అదే నిషేధం వల్ల ఒక చిక్కు కూడా వస్తుంది: ఈ అయాన్లు నేరుగా కాంతిని పీల్చుకోవడం చాలా తక్కువ. దీనికి పరిష్కారాన్ని 1942లో వైస్మన్ గమనించాడు. బాగా పీల్చుకునే సేంద్రియ లైగాండ్‌ను యూరోపియానికి బంధిస్తే, లైగాండ్ ఆ శక్తిని అందుకుని లోహానికి చేరవేస్తుంది. దీన్నే యాంటెన్నా ప్రభావం అంటున్నాం. లైగాండ్ ట్రిప్లెట్ స్థాయి లోహపు ఉద్గార స్థాయికన్నా తగినంత పైన ఉండాలి. మరీ దగ్గరైతే శక్తి వెనక్కి ప్రవహిస్తుంది, మరీ దూరమైతే బదిలీ మందగిస్తుంది.

యూరోపియానికి పెద్ద శత్రువు నీరు. దానికి నేరుగా బంధించిన నీటి అణువులోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం వేగంగా కంపిస్తూ శక్తిని పీల్చేస్తుంది. మామూలు నీటిలో యూరోపియం అయాను జీవితకాలం సుమారు 0.11 మిల్లీసెకను మాత్రమే. భారజలంలో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే డ్యుటీరియం బరువైనది, దాని కంపనం నెమ్మది. ఈ తేడాను ఆధారంగా చేసుకుని, రెండు రకాల నీటిలోనూ జీవితకాలం కొలిచి, లోహానికి ఎన్ని నీటి అణువులు అంటుకుని ఉన్నాయో లెక్కగట్టే పద్ధతిని హోరాక్స్, సడ్నిక్ 1979లో ఇచ్చారు. మన మణుగూరు ప్లాంటులో అణు విద్యుత్ రియాక్టర్ల కోసం తయారయ్యే భారజలం వంటి పదార్థానికి ఒక చిన్న క్యూవెట్‌లో (కొలతకు ద్రావణం పోసే పారదర్శక పాత్రలో) ఇంత సున్నితమైన ఉపయోగం ఉండడం మాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ దీర్ఘ జీవితకాలమే వైద్య పరీక్షల్లో వరమైంది. రక్తరసిలోని సహజ పదార్థాలు కూడా అతినీలలోహిత కాంతికి వెలుగుతాయి గానీ కొన్ని నానోసెకన్లలోనే ఆరిపోతాయి. ఒక్క క్షణం దీపం వెలిగించి ఆర్పి, కొంత ఆగి కొలిస్తే మిగిలేది యూరోపియం వెలుగు మాత్రమే. చాలా తక్కువ మోతాదులో ఉండే హార్మోన్లను కొలిచే పరీక్షలు ఈ ఉపాయం మీద నడుస్తున్నాయి.

ఆంధ్ర తీరపు ఇసుకలో ఈ మూలకాలు దొరుకుతాయా?

కొంతవరకు. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, దేశంలోని మోనజైట్ నిల్వల్లో అతిపెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. అయితే అందులో ప్రధానంగా ఉండేవి సీరియం, లాంథనం, నియోడిమియం వంటి తేలికైన లాంథనైడ్లు. యూరోపియం, టెర్బియం స్వల్పం. పైగా మోనజైట్‌లో థోరియం కూడా ఉంటుంది కాబట్టి దాని తవ్వకం, శుద్ధి అణుశక్తి శాఖ నియంత్రణలో ఉంటాయి. వార్తల్లో ఈ ఇసుకను ఎరుపు, ఆకుపచ్చ వెలుగుల గనిగా వర్ణించడం సరికాదు. సీరియం విలువ మాత్రం తక్కువది కాదు. ఇళ్లలో వాడే తెల్లని ఎల్ఈడీ దీపంలో నీలి డయోడ్ మీద పూసే పసుపు పొడి, సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్టే. ఆ నీలి డయోడ్‌కు 2014లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది.

వెలుగునిచ్చే ఈ పదార్థాలు రేడియోధార్మికమైనవా?

కావు. మేం వాడే రుథీనియం, ఇరిడియం, యూరోపియం పదార్థాలు బయటి నుంచి అందిన కాంతిని లేదా విద్యుత్తును మాత్రమే వెలుగుగా మారుస్తాయి. దీపం ఆపితే క్షణంలో ఆరిపోతాయి. పాతకాలపు గడియారాల ముళ్లకు పూసిన రేడియం రంగుతో వీటిని కలపకూడదు.

క్వాంటమ్ డాట్ అంటే ఏమిటి? పరిమాణం మారితే రంగు ఎలా మారుతుంది?

కొన్ని నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికం. అందులో ఉత్తేజితమైన ఎలక్ట్రాన్, రంధ్రం సహజంగా విస్తరించదలచిన చోటు కన్నా స్ఫటికమే చిన్నదైనప్పుడు, అవి ఇరుకున పడి వాటి శక్తి పెరుగుతుంది. అందువల్ల ఒకే పదార్థం, ఒకే రసాయన సూత్రం ఉన్నా, పరిమాణం తగ్గేకొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు కదులుతుంది. పెద్ద ముక్కగా ఉన్న కాడ్మియం సెలెనైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను ఉత్తేజితం చేయడానికి కావాల్సిన కనీస శక్తి) 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్నే రెండు నానోమీటర్ల కణంగా చేస్తే నీలంగా, ఆరు నానోమీటర్ల కణంగా చేస్తే ఎర్రగా వెలుగుతుంది.

ఈ పరిమాణ ప్రభావాన్ని అలెక్సీ ఎకిమోవ్ 1980ల ఆరంభంలో రాగి క్లోరైడ్ కలిసిన రంగు గాజులో గమనించాడు. లూయీ బ్రస్ దాదాపు అదే కాలంలో ద్రావణంలోని కాడ్మియం సల్ఫైడ్ కణాల్లో చూశాడు. కణాలన్నీ ఒకే పరిమాణంలో వచ్చేలా తయారుచేసే దారిని 1993లో మౌంగీ బవెండి బృందం ఎంఐటీలో చూపింది. ముగ్గురికీ కలిపి 2023లో రసాయన శాస్త్ర నోబెల్ లభించింది.

అయితే లోహ సంక్లిష్టాలకూ నానో స్ఫటికాలకూ సంబంధం ఏమిటి? రెండూ వేర్వేరు శాస్త్రాలు కావా?

వేర్వేరుగా బోధిస్తారు గానీ, పనిచేసేటప్పుడు ఆ గీత చెరిగిపోతుంది. రెండు నానోమీటర్ల స్ఫటికంలో సగానికి దరిదాపుగా పరమాణువులు ఉపరితలం మీదే ఉంటాయి. లోపలి పరమాణువులకు చుట్టూ పూర్తి బంధాలుంటాయి. ఉపరితలం మీది లోహ అయాన్లకు కొన్ని బంధాలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీల దగ్గర ఎలక్ట్రాన్ చిక్కుకుంటే శక్తి వెలుగు కాకుండా వేడిగా పోతుంది. వాటిని మూసేది ఓలియిక్ ఆమ్లం, ఎమీన్, ఫాస్ఫీన్ వంటి లైగాండ్లు. అంటే నానో స్ఫటికపు పైపొర అచ్చంగా వెర్నర్ చెప్పిన సమన్వయ రసాయనమే. లైగాండ్ ఎంత గట్టిగా పట్టుకుంటుంది, ఒక స్థానంలో ఒకదాన్ని తీసి మరొకదాన్ని పెట్టవచ్చా, కడిగినప్పుడు రాలిపోతుందా అన్న ప్రశ్నలన్నీ అక్కడివే. 1996లో హైన్స్, గ్యో-సియోనెస్ట్ కాడ్మియం సెలెనైడ్ మీద జింక్ సల్ఫైడ్ పొర పెంచి గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 50 శాతం దక్షత సాధించారు. ఎక్కువ బ్యాండ్ గ్యాప్ ఉన్న ఆ పొర ఎలక్ట్రాన్‌ను లోపలే ఉంచి, ఉపరితల లోపాలకు దూరం చేస్తుంది.

రెండో సంబంధం తయారీలో ఉంది. లోహమూ గంధకమూ ఒకే అణువులో బంధించి ఉన్న డైథయోకార్బమేట్ సంక్లిష్టాలను వేడి ద్రావణిలో విచ్ఛిన్నం చేస్తే నేరుగా లోహ సల్ఫైడ్ నానో కణాలు వస్తాయి. విడివిడిగా విష వాయువులు, మండే ద్రవాలు వాడాల్సిన అవసరం తగ్గుతుంది. లైగాండ్‌లోని ఆల్కైల్ సమూహాన్ని మార్చి విచ్ఛిన్న ఉష్ణోగ్రతను, దాని ద్వారా కణాల పరిమాణాన్ని కూడా ప్రభావితం చేయవచ్చు. లోహ సంక్లిష్టాలు చేయడం తెలిసిన వ్యక్తి నానో పదార్థాల్లోకి రావడానికి ఇదే సహజమైన ద్వారం.

ఒకే పరిమాణంలో కణాలను ఎలా తయారుచేస్తారు?

కణాలన్నీ ఒకేసారి పుట్టి, ఆ తరువాత కలిసి పెరిగేలా చూడాలి. బవెండి బృందం సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న ద్రావణిలోకి పూర్వగాములను (కణాలుగా మారే మూల పదార్థాలను) ఒక్కసారిగా సిరంజితో చిమ్మింది. ఆ క్షణంలో గాఢత పెరిగి కేంద్రకాలు (స్ఫటికాల తొలి మొలకలు) గుంపుగా ఏర్పడతాయి. వెంటనే గాఢత, ఉష్ణోగ్రత పడిపోవడంతో కొత్త కేంద్రకాలు పుట్టడం ఆగి, ఉన్నవి మాత్రమే పెరుగుతాయి. మొదట్లో వాడిన డైమిథైల్ కాడ్మియం అత్యంత విషపూరితం, గాలి తగిలితే మండుతుంది. 2001 నాటికి దాని స్థానంలో కాడ్మియం ఆక్సైడ్ వాడవచ్చని తేలాక ఈ పద్ధతి మామూలు ప్రయోగశాలలకూ అందుబాటులోకి వచ్చింది. పని అంతా నైట్రోజన్ వాతావరణంలో, ఫ్యూమ్ హుడ్‌లో జరగాలి.

క్వాంటమ్ దక్షత 90 శాతం అని రాస్తే నమ్మవచ్చా?

ఎలా కొలిచారో చదివాకే. ఈ రంగంలో పొరపాట్లకు ఎక్కువ ఆస్కారం ఉన్నది తయారీలో కాదు, కొలతలో. పైన చెప్పిన ఆకుపచ్చ ఇరిడియం సంక్లిష్టానికి 1985లో తొలి నివేదికలో ద్రావణంలో దక్షత సుమారు 40 శాతంగా నమోదైంది. తరువాతి జాగ్రత్తైన కొలతల్లో అది 90 శాతం దాకా, కొన్నింటిలో అంతకు పైగా తేలింది. పదార్థం మారలేదు, కొలిచే తీరు మారింది.

ముందుగా ఆక్సిజన్ విషయం చూడాలి. రుథీనియం బైపిరిడీన్ సంక్లిష్టానికి అసిటోనైట్రైల్‌లో ఆక్సిజన్ తొలగిస్తే దక్షత సుమారు 9.5 శాతం, గాలి కలిసి ఉంటే రెండు శాతం లోపు. నైట్రోజన్ పంపామని రాస్తే చాలదు, ఎంతసేపు, ఏ పాత్రలో అన్నది ఫలితాన్ని మారుస్తుంది. ద్రావణం గాఢత ఎక్కువైతే నమూనా తన వెలుగును తానే పీల్చుకుంటుంది. అందుకే పోల్చి కొలిచే పద్ధతిలో శోషణ విలువను 0.1 లోపు ఉంచాలంటారు. పోలికకు తీసుకునే ప్రామాణిక పదార్థం, ఉదాహరణకు ఆమ్లంలో సుమారు 54 శాతం దక్షత గల క్వినైన్ సల్ఫేట్, నమూనా వెలిగే ప్రాంతంలోనే వెలగాలి. ఘన నమూనాలకైతే అన్ని దిశల్లోకి వెళ్లే వెలుగును పోగుచేసే బోలు గోళం, ఇంటిగ్రేటింగ్ స్ఫియర్, తప్పనిసరి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మలినం. బలహీనంగా వెలిగే సంక్లిష్టంలో బాగా వెలిగే విడి లైగాండ్ ఒక్క శాతం మిగిలినా, కనిపించేది లైగాండ్ వెలుగే. ఉత్తేజన వర్ణపటం శోషణ వర్ణపటంతో సరిపోలుతుందో లేదో చూస్తే ఈ మోసం చాలావరకు బయటపడుతుంది.

కరివేపాకు, నిమ్మరసం వంటి వాటి నుంచి కార్బన్ డాట్లు చేయడం నిజమైన పరిశోధనేనా?

నిజమైనది కావచ్చు, కాకపోవచ్చు. 2004లో కార్బన్ నానో గొట్టాలను శుద్ధి చేస్తుండగా వెలుగునిచ్చే కార్బన్ కణాలు అనుకోకుండా బయటపడ్డాయి. ఆ తరువాత చక్కెరలు, ఆమ్లాలు, ఆకుల రసాలు, అన్నిటినీ ఆటోక్లేవ్‌లో (మూసిన పీడన పాత్రలో) వేడిచేసి నీలి వెలుగు చూపిన వ్యాసాలు వెల్లువెత్తాయి. అయితే సిట్రిక్ ఆమ్లం, ఇథిలీన్ డైఎమీన్ నుంచి వచ్చే ప్రసిద్ధమైన నీలి వెలుగులో పెద్ద భాగం కణాలది కాదని, చర్యలో పుట్టిన చిన్న ప్రతిదీప్తి అణువుదని జాగ్రత్తగా వేరుచేసి చూసినవారు నిరూపించారు. ఈ మార్గం చవకైనది, కళాశాల ప్రయోగశాలలో చేయదగినది కాబట్టి మేం నిరుత్సాహపరచం. డయాలసిస్, క్రోమటోగ్రఫీ చేసి, డయాలసిస్ గొట్టం లోపల మిగిలిన కణాలు, బయటికి వెళ్లిన చిన్న అణువులు, రెండింటి వెలుగునూ విడివిడిగా కొలవమని మాత్రం గట్టిగా కోరుతాం.

కాడ్మియం, సీసం విషాలు కదా?

అవును, ఆ భయం సమంజసమే. ఐరోపా సమాఖ్య నియమాలు ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని ఏకరూప పదార్థంలో కాడ్మియాన్ని బరువులో 0.01 శాతానికి పరిమితం చేశాయి. అందువల్ల టీవీల్లో ఇండియం ఫాస్ఫైడ్ కణాలు ముందుకు వచ్చాయి. 2015లో జ్యూరిక్‌లో కోవలెంకో బృందం చేసిన సీజియం లెడ్ బ్రోమైడ్ నానో స్ఫటికాలు పై పొర ఏదీ లేకుండానే అద్భుతంగా వెలుగుతాయి, కానీ వాటిలో సీసం ఉంది, నీరు తగిలితే అది కరిగి బయటపడుతుంది. ఆ స్ఫటికాల సౌందర్యం చూసి ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రయోగశాల వ్యర్థాలను సింకులో పోయకూడదు, లోహాల వారీగా సీసాల్లో వేరుచేసి అధీకృత సంస్థకే అప్పగించాలి.

నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను ఈ పదార్థాలతో పట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న తెలుగు విద్యార్థులు తప్పక అడుగుతారు, అడగాలి కూడా. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి. ఈ కొలతలో లోహ సంక్లిష్టం ఎప్పటినుంచో పనిచేస్తోంది. జిర్కోనియం, ఎస్పీఏడీఎన్ఎస్ అనే రంగు కలిసిన సంక్లిష్టానికి నీటి నమూనా చేర్చితే, ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాక్కుని రంగును వెలవెలబోయేలా చేస్తుంది. ఎంత వెలిసిందో చూసి ఫ్లోరైడ్‌ను లెక్కిస్తారు.

వెలుగు ద్వారా గుర్తించే పదార్థాలు మాత్రం వ్యాసాల్లో ఉన్నంత తేలిగ్గా నీళ్లలో పనిచేయవు. ఫ్లోరైడ్ అయానును నీటి అణువులు చాలా గట్టిగా చుట్టుకుని ఉంటాయి. వాటి నుంచి విడదీసి తనవైపు లాక్కోవడం ఏ గ్రాహకానికైనా కష్టం. అందుకే అనేక నివేదికలు సేంద్రియ ద్రావణుల్లో, బావి నీటిలో ఎన్నడూ కనిపించని లవణాలతో చేసినవి. యూరోపియానికి అంటిన నీటి అణువు స్థానంలోకి ఫ్లోరైడ్ ప్రవేశించి, నీటి వల్ల జరిగే నష్టాన్ని తగ్గించి వెలుగును పెంచే మార్గం మాకు ఆశాజనకంగా కనిపిస్తుంది. అయితే బైకార్బనేట్, ఫాస్ఫేట్ కూడా అదే చోటు కోసం పోటీపడతాయి. ఈ రెండూ కలిసిన నిజమైన బోరు నీటిలో పరీక్షించని పదార్థాన్ని ఫ్లోరైడ్ గుర్తించే సాధనమని పిలవకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

వైద్యంలో ఉపయోగాలు ఉన్నాయా?

ఉన్నాయి. 1965లో రోజెన్‌బర్గ్ గమనించిన ప్రభావం నుంచి పుట్టిన సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ మందుగా అందరికీ తెలిసిందే, అయితే దానికి కాంతితో పనిలేదు. కాంతి చికిత్సలో మాత్రం ఇప్పటిదాకా శత్రువుగా చెప్పుకున్న ఆక్సిజన్ మిత్రమవుతుంది. ఉత్తేజిత సంక్లిష్టం తన శక్తిని ఆక్సిజన్‌కు ఇచ్చి దాన్ని చురుకైన రూపంలోకి మారుస్తుంది, ఆ ఆక్సిజన్ కాంతి పడిన చోట కణాలను చంపుతుంది. పల్లాడియం ఉన్న పాడెలిపోర్ఫిన్‌కు ప్రొస్టేట్ క్యాన్సర్ కోసం 2017లో ఐరోపాలో అనుమతి లభించింది. మూత్రాశయ క్యాన్సర్ మీద ఒక రుథీనియం సంక్లిష్టం క్లినికల్ పరీక్షల్లో ఉంది. మలినాల సమస్య, విషతుల్యత, శరీరం నుంచి బయటికి పోయే తీరు తేలకుండా ప్రయోగశాలలో కణాలు చనిపోయాయన్న ఫలితాన్ని మందుగా ప్రచారం చేయడం రోగులకు అన్యాయం.

ఎమ్మెస్సీ తరువాత ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

గ్రూప్ సిద్ధాంతం, లైగాండ్ క్షేత్ర సిద్ధాంతం పరీక్ష కోసం కాకుండా వర్ణపటాన్ని చదవడానికి నేర్చుకోవాలి. గాలి తగలకుండా ష్లెంక్ లైన్ మీద పనిచేయడం, ఏకస్ఫటికాలు పెంచడం, జీవితకాలపు వక్రాలను సరిగా అమర్చడం చేతికి రావాలి. సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ అర్హతతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఐఐటీ హైదరాబాద్, వరంగల్ ఎన్ఐటీ వంటి చోట్ల పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు.

నా నమూనా వెలుగును మరో ప్రయోగశాలలో కొలిపించుకోవాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలి?

నమూనాతో పాటు దాన్ని తయారుచేసిన విడి లైగాండ్‌ను, వాడిన ద్రావణిని కూడా వేరే సీసాల్లో పంపండి. అవి లేకుండా వచ్చిన వర్ణపటానికి అర్థం చెప్పడం కష్టం. శుద్ధతకు ఆధారంగా మూలక విశ్లేషణను లేదా ఎన్ఎంఆర్‌ను, శోషణ వర్ణపటాన్ని జతచేయండి. కాంతికి, తేమకు పాడవుతుందా, ఏ ద్రావణిలో ఎన్ని గంటలు నిలుస్తుంది, లోహం విషపూరితమా అన్నది సీసా మీదే రాయండి. ద్రావణాన్ని వాయువు తీసివేసి కొలవాలో, గాలిలోనే కొలవాలో, రెండూ కావాలో ముందే చెప్పండి. జీవితకాలం నానోసెకన్లలో ఉంటుందని ఊహిస్తున్నారా, మిల్లీసెకన్లలోనా అన్నది కూడా తెలపాలి, ఎందుకంటే ఆ రెండింటికీ వాడే దీపాలు, పరికరాల అమరిక వేరు.